పండితుడు – ప్రచురణకర్త : ఒక నిఘంటువు ఒడంబడిక కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చి బీరువాలోని పుస్తకమును చేతికి తీసికొనువారు గ్రంథకర్త పేరు చూతురు; వెల చూతురు; బొమ్మలున్నచో బొమ్మలు చూతురు. ఆ పుస్తకము అచ్చు కాకపూర్వము దానిని గూర్చి ఎవరు ఎవరికి ఏమని వ్రాసిరో, ఎవరు ఎవరి గడప తొక్కిరో ఆలోచించువారు అరుదు. నవలయైనచో రచయిత మొదట వ్రాసి ముగించి, ఆ మీదట ప్రచురణకర్తకు చూపును. శాస్త్రగ్రంథముల సంగతి వేరు. నిఘంటువు, దేశచరిత్ర, శాసన సంపుటము, విజ్ఞానసర్వస్వము మొదలగునవి పదేండ్లో ఇరువదేండ్లో పట్టెడి పనులు. సగము జీవితము ధారవోసి పూర్తి చేసిన పిమ్మట “ఇది మాకు అక్కరలేదు” అని ప్రచురణకర్త తలుపు మూసినచో పండితుని గతి యేమి? అందుచేత ఇట్టి పుస్తకములకు ముందుగా ఒక పత్రము పుట్టును. దానిని ప్రతిపాదన పత్రమందురు.

ఇల్లు కట్టింపదలచినవాడు మేస్త్రిని పిలిచి అంచనా వేయించును. గదులెన్ని, ఇటుక యెంత, సున్నమెంత, కూలి యెంత, ఎన్ని నెలలకు గృహప్రవేశము — ఇవి తేలిన పిదపనే పునాదికి గడ్డపార పడును. ప్రతిపాదన పత్రమును అట్టిదే. గ్రంథము దేనిని గూర్చి? ఇట్టిది ఇంతకుమున్ను ఉన్నదా? ఉన్నచో మరల నేల? ఎవరు చదువుదురు? పుటలెన్ని? ఎన్నాళ్ళకు ముగియును? వ్రాయువాని యోగ్యత యేమి? ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసి, గ్రంథములో కొంత భాగమును మచ్చుకు జతపరుపవలయును. ప్రచురణకర్త ఆ కాగితములను ఆ విషయమున ఆరితేరిన మరియొకరిద్దరికి పంపి వారి అభిప్రాయము తెప్పించుకొనును. వారు తప్పులు పట్టుదురు. పండితుడు సమాధానము చెప్పును, లేదా దిద్దుకొనును. నేటికిని విశ్వవిద్యాలయ ముద్రణాలయములలో జరుగుచున్న పద్ధతి ఇదియే. పద్ధతి వినుటకు తేలికగనే యుండును. దానిలోని కష్టము తెలియవలెనన్న ఒక గ్రంథము కథ వినవలయును. ఇంగ్లీషు చదువుకొన్న వారెల్లరు పేరైన వినియున్న ఆక్సుఫర్డు ఇంగ్లీషు నిఘంటువు కథ అందులకు మిక్కిలి తగినది.

లండను నగరమున 1842లో భాషాశాస్త్ర పండితుల సంఘమొకటి ఏర్పడెను. దాని పేరు ఫిలలాజికల్ సొసైటీ. 1857 నవంబరులో రిచర్డు ట్రెంచి అను మతాచార్యుడు ఆ సంఘమున రెండు ఉపన్యాసములు చదివి, అప్పటికున్న ఇంగ్లీషు నిఘంటువులలోని కొరతలను ఒకటొకటిగా ఎత్తిచూపెను. పాత మాటలెన్నో వానిలో లేవు. ఒక మాట ఎప్పుడు వాడుకలోనికి వచ్చెను, ఎప్పుడు జారిపోయెను, నడుమ దాని అర్థమెట్లు మారెను — ఇది చెప్పునది లేదు. నిఘంటుకర్త మాటలకు చరిత్రకారుడే కాని మంచిచెడ్డల తీర్పరి కాడని ఆయన సిద్ధాంతము. 1858 జనవరిలో సంఘమువారు పాతవానికి అతుకులు వేయుట మాని క్రొత్త నిఘంటువునే కూర్పవలెనని నిశ్చయించిరి. 1859లో వారు ప్రతిపాదన అను పేరుతోనే ఒక చిన్న పుస్తకమును వెలువరించిరి. దాని ఉద్దేశ్యము ఘనముగా నుండెను. దానిని నడపు చేయి మాత్రము ఇంకను కుదురలేదు.

మొదటి సంపాదకుడు హెర్బర్టు కోల్‌రిడ్జి. సుప్రసిద్ధ కవి కోల్‌రిడ్జికి మనుమడు. చదువరులు పంపు చీటీలను అక్షరక్రమమున సర్దుటకు ఆయన 54 అరల చట్రమొకటి చేయించుకొనెను. మరి రెండేండ్లలో మొదటి భాగము లోకమునకు అందింపగలమని 1860లో ఆయన నమ్మెను. 1861లో, ముప్పదియవ యేట, క్షయవ్యాధిచే మరణించెను. తరువాత బాధ్యత ఫ్రెడరికు ఫర్నివాలు మీద పడెను. ఆయన ఉత్సాహమునకు కొలతలేదు. కాని ఒక పని ముగియకముందే పది పనులకు కొబ్బరికాయ కొట్టుట ఆయన స్వభావము. నిఘంటువునకు పాత గ్రంథములు కావలెను, అవి అచ్చులో లేవు. కనుక వానిని అచ్చు వేయించుటకై 1864లో వేరొక సంఘమునే స్థాపించెను. ఆ సంఘము చేసిన సేవ గొప్పదే. ఈలోపల చీటీలు ఊరూర ఉపసంపాదకుల యిండ్లలో మూలుగుచుండెను. కొందరు విసిగి మానిరి, కొందరు మరణించిరి. ఊరిపెద్దలు చందాలు వేసికొని ఆరంభించి నడుమ విడిచిన చెరువుగట్టు ఎట్లుండునో నిఘంటువు స్థితి అట్లుండెను.

ఈ స్థితిలో దానికి చేయి అందించినవాడు జేమ్సు మర్రే. స్కాట్లండు సరిహద్దునందలి డెన్‌హమ్ అను పల్లెలో 1837లో పుట్టెను. తండ్రి దర్జీ. పదునాలుగేండ్లకే బడి చదువు ముగిసెను. తరువాత నేర్చినదంతయు స్వయంకృషి. బడిపంతులుగా నుండి, భార్య అనారోగ్యము కారణముగా లండను చేరి, చార్టర్డు బ్యాంకు ఆఫ్ ఇండియాలో గుమాస్తాగా పనిచేసెను. 1866లో బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమున ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టి, తనకు పరిచయమున్న భాషల పట్టికను అందులో వ్రాసెను. ఆ పట్టికలో సంస్కృతమును గలదు. ఉద్యోగము రాలేదు. 1870లో లండను వెలుపలి మిల్‌హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1873లో దక్షిణ స్కాట్లండు మండలముల మాండలికమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము పండితులలో పేరు తెచ్చెను. తల్లి యొడిలో నేర్చిన పల్లె పలుకుబడియే ఆయనకు యోగ్యతాపత్రమైనది. మన పల్లెల మాటలను మోటుమాటలని వదలివేయు పట్టణపు పండితులు ఈ సంగతి గమనింపదగినది.

1876లో మాక్‌మిలన్ అను లండను ప్రచురణసంస్థ, న్యూయార్కులోని హార్పర్ సంస్థతో కలిసి, అమెరికాలోని వెబ్‌స్టరు నిఘంటువునకు పోటీగా ఒక పెద్ద నిఘంటువును తేదలచెను. వారి వెదకులాట మర్రే కడకు చేరెను. ఆయన మచ్చు పుటలు సిద్ధపరచి అచ్చుకూర్పించెను. ఇక్కడ పండితునకును వర్తకునకును గల సహజమైన వైరుధ్యము బయటపడెను. వర్తకుడు పుటలు తగ్గింపుమనును. ఏలయన ప్రతి పుటకును కాగితము, సిరా, కూలి కలవు. పండితుడు ఒక్క ఉదాహరణ తొలగించినను మాట చరిత్రలో ఒక మెట్టు విరుగుననును. ఇరువురి మాటయు నిజమే. ఆ పేచీ కొంత పరిష్కారమగుచుండగా ఫర్నివాలు సంఘము పక్షమున పెద్ద పెద్ద షరతులు పెట్టెను. మాక్‌మిలన్ వారు విరమించుకొనిరి. బేరము కుదిరెడి వేళ తగవరియే గొంతు పెంచినచో ఏమగునో పశువుల సంత చూచినవారికి చెప్పనక్కరలేదు.

కాని ఆ మచ్చు పుటలు వృథా పోలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు వలదనిరి. 1877 ఏప్రిలులో సంఘమునకు ప్రముఖుడైన హెన్రీ స్వీటు ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమునకు ఒక జాబు వ్రాసెను. పోగుపడిన సామగ్రి యెంత, సంపాదకుడెవరు, ముద్రణాలయమునకు లాభమేమి అను సంగతులు వివరించిన జాబు అది. నేటి భాషలో సరియైన ప్రతిపాదన పత్రము. ఆ ముద్రణాలయమును నడపు పండిత వర్గమును డెలిగేట్లందురు. వారు తొందరపడు వారు కారు. మచ్చు పుటలు చూచి క్రొత్త మచ్చులు కావలెననిరి. బాణము, కోట అను అర్థములు గల మామూలు మాటలను తీసికొని మర్రే వ్యాసములు సిద్ధపరచెను. వానిలో వ్యుత్పత్తులను గూర్చి అభ్యంతరములు వచ్చెను. అభ్యంతరము చెప్పినవారిలో ఒకరు మాక్స్ ముల్లర్ — ఋగ్వేదమును సాయణ భాష్యముతో 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటములుగా పరిష్కరించి ప్రకటించిన ఆ మాక్స్ ముల్లరే. ఆ వేదముద్రణమునకు వ్యయము భరించుటకు 1847లో ఈస్టిండియా కంపెనీవారిని ఒప్పించిన కష్టమును ఆయన ఎరుగును. మచ్చులో తప్పులు పట్టుచునే, ఇట్టి నిఘంటువు ఇంగ్లండు దేశ గౌరవమునకు సంబంధించినదని డెలిగేట్లకు నచ్చజెప్పినవాడును ఆయనయే. మంచి పరీక్షకుడు ఈ రెండు పనులును చేయును. తప్పు పట్టుట తెలిసి నిలబెట్టుట తెలియని వానివలన ఎన్ని గ్రంథములు పుట్టకయే పోయినవో లెక్క లేదు.

1878 ఏప్రిలు 26వ తేదీని మర్రే ఆక్సుఫర్డునకు పోయి డెలిగేట్ల యెదుట కూర్చుండెను. వారిలో ప్రముఖుడు డీన్ లిడెల్. ఆయనయు నిఘంటుకర్తయే, స్కాటు అను పండితునితో కలిసి 1843లో గ్రీకు నిఘంటువును ప్రకటించినవాడు. దర్జీ కొడుకు, బడిపంతులు, అంతటి వారి నడుమ తన పుటలను తానే సమర్థించుకొనెను.  ఆ తరువాతను బేరము పది నెలలు సాగెను. 1879 మార్చి 1వ తేదీని ఒడంబడికపై సంతకములు పడెను. నాలుగు సంపుటములు, సుమారు 6,400 పుటలు, పదేండ్లు — ఇది అంచనా. సంపాదకునకు సుమారు 9,000 పౌనులు. సహాయకుల జీతములు ఆ మొత్తము నుండియే ఆయన ఇచ్చుకొనవలయును.

ఈ చివరి షరతును కొంచెము నిదానించి చూడవలయును. పని ఆలస్యమైనచో నష్టమెవరికి? సహాయకుల జీతములు ఏటేట పెరుగును. ఇచ్చు మొత్తము పెరుగదు. మేస్త్రి గుత్తకు ఒప్పుకొనిన తరువాత పునాదిలో రాయి తగిలినచో నష్టము మేస్త్రిదే యను పద్ధతి ఇది. గోడకు ఆ నియమము సరిపోవునేమో. అంతవరకు ఎవ్వరును నడువని దారిలో నడచెడి పండితునకు దానిని వర్తింపజేయుట న్యాయము కాదు. పునాదిలో ఎంత రాయి కలదో అచ్చట ఎవరికిని తెలియదు. మర్రే సంశయించెను. భార్య ఏడా ధైర్యము చెప్పుటచే ఒప్పుకొనెను.

ఒప్పుకొనిన నెలలోనే రాయి తగిలెను. ఫర్నివాలు ఇంటినుండి వచ్చిన చీటీల బరువు రెండు టన్నులకు దగ్గరగా నుండెను. మర్రే తన పాఠశాల ఆవరణలో ఇనుపరేకుల పాక వేయించి, 1,029 అరలు అమర్చి, దానికి ‘స్క్రిప్టోరియము’ అని పేరు పెట్టెను. లేఖనశాల యని అర్థము. మూటలు విప్పగా ఒకదానిలో చచ్చిన ఎలుక, మరియొకదానిలో పిల్లలతో కాపురమున్న చుంచు దొరికెను. H అక్షరపు చీటీలు ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరములో బయటపడెను. Pa మొదలు గల చీటీలలో కొన్ని ఐర్లండులో ఒక గుఱ్ఱపుశాలలో ఉండెను. పొయ్యి రాజేయుటకు వానిని వాడుకొనిరట. సామగ్రి సిద్ధముగా నున్నదని ప్రతిపాదనలో వ్రాసిన మాటకు ఇదియా అర్థమని ఆయన అనుకొనియుండిన తప్పులేదు.

అప్పుడు ఆయన పండితులను విడిచి చదువరులను ఆశ్రయించెను. గ్రంథాలయ సభ్యులు విశేషముగ వినదగిన భాగమిది. 1879 ఏప్రిలులో ఇంగ్లీషు చదువరులందరికిని ఒక విజ్ఞప్తి వెలువడెను. 2,000 ప్రతులు అచ్చువేసి పుస్తకశాలలకు, పత్రికలకు పంపిరి. చేయవలసినది ఇంతే: పుస్తకము చదువుచుండగా గమనింపదగిన మాట తగిలినచో సగము కాగితము తీసికొని, ఎడమవైపు పైమూలను ఆ మాట వ్రాసి, క్రింద సంవత్సరము, గ్రంథకర్త, గ్రంథనామము, పుటసంఖ్య వేసి, ఆ మాట ఉన్న వాక్యమును పూర్తిగా ఎత్తి వ్రాసి పంపవలయును. జీతము లేదు, బత్తెము లేదు. మతగురువులు, వైద్యులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు వందలకొలది ముందుకు వచ్చిరి. పని ముగియునాటికి చేరిన చీటీలు సుమారు 50 లక్షలు.

చదువరులు చేసిన పొరపాటును చెప్పుకొనదగినదే. వారు వింతమాటల వెంటబడి వాడుక మాటలను విడిచిరి. నిందార్థమున ‘అబ్యూజన్’ అను మారుమూల మాటకు యాభై చీటీలు వచ్చెను. అనుదినము నోట నాను ‘అబ్యూస్’ అను మాటకు అయిదైనను రాలేదు. తెలుగు మాటలు సేకరింపదలచిన యువకులకును ఈ ప్రమాదము కలదు. కావ్యములలోని కఠినపదము కనబడును. ఇంటిలోని ‘పెట్టు’, ‘పడు’, ‘కట్టు’ కనబడవు. ‘కట్టు’ అను ఒక్క మాటకు తెలుగున ఎన్ని అర్థములున్నవో ఒక సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగు మీద కూర్చుండి లెక్కవేయ యత్నింపుడు. ఆవును కట్టుట, ఇల్లు కట్టుట, పన్ను కట్టుట, కథ కట్టుట, జట్టు కట్టుట, పంట వెన్ను కట్టుట — తెల్లవారినను తెమలదు.

ఆ సేవకులలో ఒకరి కథ భారతదేశముతో ముడిపడి యున్నది. ఫిట్జ్ ఎడ్వర్డు హాలు అమెరికా దేశస్థుడు. 1846లో ఓడ ప్రమాదముచే కలకత్తాలో చిక్కుకొని, సంస్కృతము నేర్చి, కాశీలోని ప్రభుత్వ సంస్కృత కళాశాలలో అధ్యాపకుడయ్యెను. తరువాత ఇంగ్లండున స్థిరపడి, అచటి పండితులతో తగవుపడి, ఒక పల్లెలో ఏకాంతముగ నుండెను. మర్రేకు ఆయన ఏండ్ల తరబడి దినమునకు నాలుగు గంటలు ప్రూఫులు దిద్దిపెట్టెను. 1901లో మరణించువరకు ఇరువురును ఒకరి నొకరు చూడలేదు.

1884లో మొదటి భాగము వెలువడెను. పుటలు 352, వెల పండ్రెండున్నర షిల్లింగులు. A నుండి Ant వరకే. పదేండ్ల గడువులో అయిదేండ్లు అప్పటికే గడచెను! లెక్క చూచుకొన్నచో 6,400 పుటలలో మొత్తము ఇముడుట కల్ల యని తేలిపోయెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయపు పెద్ద జౌయెటు అంతకు ముందే కలుగజేసికొని, పీఠికను దిద్దబోయెను; వార్తాపత్రికలనుండి ఉదాహరణలు తగ్గింపవలెననెను. మర్రే రాజీనామా అంచువరకు వచ్చెను. తుదకు మర్రే మాటయే చాలవరకు నెగ్గెను. పిదప వారిరువురును మిత్రులైరి. మర్రే తన కుమారులలో ఒకనికి జౌయెటు అనియే పేరు పెట్టుకొనెను.

డబ్బు చిక్కు మాత్రము అట్లు తీరలేదు. సహాయకుల జీతములకు చాలక మర్రే అప్పు చేసెను. సంఘ మిత్రుడైన హెన్రీ హక్స్ గిబ్స్ అప్పిచ్చి ఆదుకొనెను. పదునొకండుగురు పిల్లలు గల ఆ యింట చిన్నపిల్లలు సైతము కొద్ది పెన్నీల కూలికి చీటీలను అక్షరక్రమమున పేర్చుచుండిరి. 1885లో ఆయన ఉపాధ్యాయ వృత్తి వదలి ఆక్సుఫర్డునకే తరలెను. ఆయన యింటి పెరటిలో రెండవ లేఖనశాల వెలసెను. ప్రక్కయింటివారికి చూపునకు అడ్డు రాకుండుటకై దానిని కొంత నేలలోనికి దించిరి. లోపల చెమ్మ, చలి. వచ్చిపోవు ఉత్తరములు మిక్కుటమగుటచే తపాలా శాఖవారు ఆయన గుమ్మము చెంతనే ఒక ఉత్తరముల పెట్టెను పాతించిరి.

డెలిగేట్ల పక్షమును వినిపింపకున్న కథ ఏకపక్షమగును. వారి చేతిలోనిది స్వంత సొమ్ము కాదు, విశ్వవిద్యాలయపు సొమ్ము. ఏటేట వ్యయము పెరుగుచు, అక్షరములు మాత్రము నత్తనడక నడచుచున్నచో బాధ్యత గలవాడు ఎవడైనను ప్రశ్నింపవలసినదే. వెబ్‌స్టరు నిఘంటువులోని ఒక పుటకు ఇందులో ఇన్ని పుటలకు మించరాదని వారు కొలత పెట్టిరి. 1896లో ఈ కొలతపై వివాదము ముదిరి, ప్రచురణమే నిలిచిపోవునేమో యను స్థితి వచ్చెను. వార్త పత్రికలకు ఎక్కగా ప్రజలు నిఘంటువు పక్షమున నిలిచిరి. డెలిగేట్లు వెనుకకు తగ్గిరి. 1897లో గ్రంథము విక్టోరియా రాణికి అంకితమయ్యెను. అట్లు అంకితమైన దానిని నడుమ మానుట ఇక ఎవరి తరము? హెన్రీ బ్రాడ్లీ, తరువాత విలియము క్రేగీ, చార్లెసు అనియన్సు అను మరి ముగ్గురు సంపాదకులును వరుసగా చేరిరి.

1879లో ఎవడైనను సత్యమైన అంచనా వేయగలిగి, పదిరెట్లు కాగితము, ముప్పదిరెట్లు ధనము, దాదాపు అర్ధశతాబ్దము పట్టునని వ్రాసియున్నచో డెలిగేట్లు సంతకము పెట్టియుందురా? పెట్టరు. అట్లని మర్రే వారిని వంచించెనని అనరాదు. ఆయనయే అందరికంటె ముందు ఆ అంకెలను నమ్మి, అందరికంటె ఎక్కువ నష్టపోయెను. ఇక్కడ పదిరెట్లు, ముప్పదిరెట్లు అని నోటికి వచ్చినట్లు చెప్పిన మాటలను సరిచేయవలయును. పుటలు పెరిగినది రెండున్నర రెట్లే: 6,400కు బదులు 15,000 దాటెను. ధనము మాత్రము నిజముగనే పెరిగెను. మొత్తము వ్యయము మూడు లక్షల పౌనులని లెక్కవేసిరి. ఒడంబడికలోని అంకెలన్నియు తప్పెను. తప్పనిది ఒక్కటే, మచ్చు పుట. ఒక మాటను తీసికొని, దాని ప్రయోగములను శతాబ్దముల వరుసన నిలిపి, అర్థము ఎట్లు కొమ్మలు వేసెనో చూపిన ఆ పద్ధతి తుది అక్షరమువరకు చెడలేదు. డెలిగేట్లు పట్టుకొని వ్రేలాడినది ఆ పుటను చూచియే కాని అంకెలను చూచి కాదు. అంచనా అడుగుట మానరాదు. కాని గ్రంథము చేపట్టువాడు మొదట మచ్చు పుటను, పిదప అంచనాను చదువుట మేలు. మన నాట చాలమంది దీనిని తలక్రిందుగా చేయుదురు.

తెలుగున ఇట్టి పని వర్తకుల వలన జరుగలేదు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు నడిపిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకులు పిఠాపురము మహారాజావారు. ఆ మహారాజు పేరే నిఘంటువునకు పెట్టిరి. మొదటి సంపుటము 1936లో వెలువడెను. అచ్చటను కాలపు అంచనా నిలువలేదు. రాజపోషణలో ఒడంబడిక చిక్కులు తక్కువ. కాని పోషకుని కాలముతో పోషణయు ముడిపడి యుండును. ముద్రణాలయమునకు ఆ బాధ లేదు. దానికి చావు లేదు, జాలియు తక్కువ. ఏది మేలో చెప్పుట కష్టము.

మర్రే 1915 జులైలో మరణించెను. అప్పుడు ఆయన T అక్షరమున నుండెను. గ్రంథము 1928 ఏప్రిలులో పూర్తియయ్యెను. నాలుగు సంపుటములనుకొనినది పది సంపుటములైనది, మాటలు 4,14,825, వానికి ఉదాహరణ వాక్యములు 18 లక్షలకు పైబడినవి. 1989లో రెండవ కూర్పు 20 సంపుటములుగా వెలువడెను. 2000 సంవత్సరము నుండి అది కంప్యూటరు తెర మీదికి ఎక్కినది. మాట మాటకు మరల దిద్దుబాటు జరుగుచునేయున్నది. ఈసారి ముగింపు తేదీని ఒడంబడికలో ఎవరును వ్రాసికొని యుండరు.

ఇంత శ్రద్ధలోను ఒక మాట తప్పిపోయెను. దాసి అను అర్థము గల ‘బాండ్‌మెయిడ్’ అను మాట చీటీల కట్ట B సంపుటము అచ్చగునప్పుడు ఎచ్చటనో జారిపడెను. బైబిలులో నున్న మాట. పండితులకు తెలియని మాట కాదు. అది లేదని 1901లో ఒకరు వ్రాయువరకు ఎవరును గమనింపలేదు. మర్రే సిగ్గుపడి లోపమును ఒప్పుకొనెను. ఆ మాట నిఘంటువు అనుబంధ సంపుటములో 1933లో చోటు సంపాదించుకొనెను.